ఆపరేషన్ నాడు రాని బిడ్డ

"ఆపరేషన్ నాడు ఎదురుంగ లేని బిడ్డ, ఎన్ని పైసలు పంపితే ఏం ఫాయిద?" అన్నది మా మేనత్త. అమ్మకు మోకాలి కీలు మార్చాక చూడటానికి వచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, అమ్మ వినేటట్టే అన్నది. ఆ రాత్రి చెల్లె ఫోన్లో నాకు చెప్పింది. మేనత్త మీద నాకు కోపం రాలేదు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి వార్డు బయట రాత్రుళ్ళు చాప పరుచుకుని పడుకున్న మనిషి ఆమె. మా తాతకు, పెద్దమ్మకు, ఊరి నుంచి వచ్చిన ఎవరెవరికో అట్లా కావలి కూర్చున్నది. మనిషి ఆపదలో ఉంటే కళ్ళముందు ఉండాలన్నది ఆమె బతికి తెలుసుకున్న సంగతి. ఆ మాటను నేను తీసిపారేయలేను.

అయినా ఆపరేషన్ నాటికి డాలస్ నుంచి హనుమకొండకు రాకూడదని నేను చేసుకున్న నిర్ణయం సరైనదేనని ఇవాళ్టికీ అనుకుంటున్నాను. ఇంకో మాట కూడా అంటాను. దూరదేశంలో ఉన్న కొడుకైనా బిడ్డైనా ముందుగా చూసుకోవాల్సింది అమ్మ పక్కన ఉన్న మనిషిని. మంచం మీదున్న అమ్మ ఆ తర్వాత. ఆ పక్కనున్న మనిషి నిలబడితే అమ్మ లేచి నడుస్తుంది. ఆ మనిషి కూలబడితే మన డబ్బు, మన వీడియో కాల్స్, చివరికి మనం ఎక్కి వచ్చే విమానం, ఏవీ అక్కరకు రావు.

ఈ మాట విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఎంత అనుకూలంగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే దీన్ని అన్ని వైపుల నుంచీ చూసి రాయాలనిపించింది.

రెండు గంటలు, ఆరు వారాలు

మోకాలి మార్పిడిలో డాక్టరు చేసే పని గంటన్నర, రెండు గంటలు. మరునాటికల్లా వాకర్ పట్టించి నాలుగడుగులు వేయిస్తారు. నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఆ నాలుగైదు రోజులు మనుషులకు కొదవ ఉండదు. మాకూ అంతే. బాపు ఉన్నాడు, చెల్లె ఉంది, ఆమె భర్త మా మరిది ఉన్నాడు, మేనమామ సంచి సర్దుకుని వచ్చి ఉన్నాడు. వడ్డేపల్లిలో మా పక్కింటివాళ్ళు పూటకొక టిఫిన్ డబ్బా పంపారు. పిలిస్తే నర్సు, నర్సు పిలిస్తే డ్యూటీ డాక్టరు. నేనూ వెళ్ళి ఉంటే ఆ గదిలో ఇంకో కుర్చీ వేయాల్సి వచ్చేది.

అసలు పని ఇంటికొచ్చాకే మొదలవుతుంది. కుట్లు విప్పేదాకా దాదాపు రెండు వారాలు. మోకాలు తొంభై డిగ్రీలు వంగడం తొలి వారాల్లోనే సాధించాలి. మొదటి ఆరు వారాలు అశ్రద్ధ చేస్తే కీలు చుట్టూ గట్టిపడిపోతుంది, తర్వాత వంచడం చాలా కష్టం. కొందరికి మళ్ళీ మత్తిచ్చి వంచాల్సి వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా కొన్నాళ్ళు మందు వాడాలి. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. గాయం తడిగా ఉందేమో, జ్వరం తగులుతుందేమో రోజూ చూసుకోవాలి. అమ్మకు షుగర్ ఉంది, ఆ లెక్క వేరే. రాత్రయితే నొప్పి ఎక్కువవుతుంది, కంటి నిండా నిద్ర పట్టని రాత్రులు వారాల తరబడి సాగుతాయి. నొప్పి బిళ్ళలతో మలబద్ధకం. మోకాలి కింద దిండు పెట్టుకుంటే ప్రాణానికి హాయి, కానీ పెట్టనివ్వకూడదు, పెడితే కాలు వంగిన చోటే బిగుసుకుంటుంది. అర్ధరాత్రి అమ్మ ఆ దిండును కాలి కిందకు లాక్కునేది. చెల్లె లేచి తీసేది. మళ్ళీ లాక్కునేది. ఈ దిండు గొడవను పరామర్శకు వచ్చినవాళ్ళెవరూ చూడలేదు.

మూడో వారానికి పండ్లు తెచ్చేవాళ్ళు తగ్గిపోతారు. మేనమామ పొలం పనులకు వెళ్ళిపోయాడు. మరిదికి డ్యూటీ. బాపు తానే డెబ్బై దాటినవాడు, అమ్మను లేపబోతే ఆయన నడుము పట్టేస్తుంది. మిగిలింది చెల్లె ఒక్కతె, అప్పటికే అలిసిపోయిన చెల్లె. ఆపరేషన్ తారీఖు ఖాయమైన రోజే నేను ఆమెను అడిగాను, ఎప్పుడు రమ్మంటవని. ఆమె ఆలోచించకుండానే చెప్పింది: "ఇప్పుడొస్తే నీకు కూడ నేనే వండిపెట్టాలె అక్కా. అందరు పోయినంక రా."

అందరూ పోయాకే వచ్చాను. ఆ రాక గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. చెల్లె కాజీపేటలో తన ఇంటికి వెళ్ళి నిద్రపోయింది. దిండు గొడవ నా వంతుకు వచ్చింది.

అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్ళలో చాలామంది రెండు మూడు వారాల జీతపు సెలవునే లెక్కేసుకుని, అదంతా ఆస్పత్రి గదిలో ఖర్చు చేసి తిరిగి వెళ్తారు. 1993లో వచ్చిన ఎఫ్‌ఎంఎల్ఏ అనే కుటుంబ, వైద్య సెలవు చట్టం కింద, 50 మందికి తగ్గకుండా పనిచేసే కంపెనీలో ఏడాది సర్వీసు, ఆ ఏడాదిలో 1,250 గంటల పని ఉన్నవాళ్ళకు, తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యానికి 12 వారాల దాకా జీతం లేని సెలవు దొరుకుతుంది. తల్లిదండ్రులు ఇండియాలో ఉన్నా సరే. ఇండియా డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్‌ను అమెరికా కంపెనీ ఒప్పుకోవాలి. వైద్యపరంగా అవసరమైతే విడతలుగానూ వాడుకోవచ్చు. అత్తమామలకు మాత్రం వర్తించదు. మన ఇళ్ళలో సగం సేవ అత్తమామలకే జరుగుతుంది కాబట్టి ఆ లోటు మనవాళ్ళకు పెద్ద దెబ్బే. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకు 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి ఒక వారం ఇట్లాంటి సెలవు హక్కుగా వచ్చింది, అదీ జీతం లేకుండానే.

సెలవు ఉన్నా రాలేనివాళ్ళున్నారు. హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకు స్టాంపింగ్ భయం, అంటే తిరిగి వెళ్ళేముందు పాస్‌పోర్టులో వీసా ముద్ర పడుతుందో లేదోనని. ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి ముద్ర వేయించుకునే డ్రాప్‌బాక్స్ పద్ధతిని 2025 సెప్టెంబర్ నుంచి దాదాపుగా తీసేశారు, ఇంటర్వ్యూకు స్వయంగా వెళ్ళాలి, తారీఖు దొరక్కపోతే ఉద్యోగం అక్కడ, మనిషి ఇక్కడ. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి నాకు ఆ బాధ లేదు. ఆ భయంతో ఆగిపోయినవాళ్ళను "సాకులు చెప్తున్నరు" అనడం మాత్రం నా చెవులకు చాలా కఠినంగా వినిపిస్తుంది.

వడ్లు అమ్మించిన కొడుకు

దూరం నుంచి చేసే సాయం ఎట్లా ఉండాలో నాకు తెలిసింది సౌదీలో ట్రెయిలర్ నడుపుతున్న మా బావ వరుసాయన వల్ల. ఆయనది జగిత్యాల దగ్గర ఊరు. రెండేళ్ళకోసారి సెలవు. ఆ రెండేళ్ళ నడుమ వాళ్ళ నాయన పొలం ఒడ్డు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కరీంనగర్‌లో ఆపరేషన్. వానాకాలం పంట కోసి వడ్లు కల్లంలో పోసి ఉన్నాయి. మొగులు పట్టి ఉంది. తేమ 17 శాతం లోపలికి వస్తేగానీ కొనుగోలు సెంటర్లో కాంటా పెట్టరు. ఇంట్లో ఉన్నది ఆయన భార్య, ఇద్దరు చిన్న పిల్లలు.

ఆయన ఫోన్ చేసి ముందు అడిగిన మాట "బాపు ఎట్లున్నడు" అని కాదు. "నీకేం గావాలె ఇప్పుడు?" అని భార్యను అడిగాడు. ఆమె చెప్పింది: "మామను నేను సూసుకుంట. వడ్లు సూసెటోళ్ళే లేరు." ఆ రాత్రంతా ఆయన ఫోన్ల మీదే ఉన్నాడట. చిన్నప్పటి దోస్తులు, ట్రాక్టర్ ఆయన, వరుసకు తమ్ముడయ్యే ఒక పిల్లగాడు. ఒకరు వడ్లు తిరగేసి ఎండబెట్టారు, ఒకరు టార్పాలిన్లు తెచ్చారు, ఇంకొకరు సెంటర్ దగ్గర వరుసలో నిలబడ్డారు. వడ్లు అమ్ముడుపోయేదాకా ఆమె కరీంనగర్ ఆస్పత్రి వదిలి కల్లం దగ్గరికి రావాల్సిన పని పడలేదు. ముసలాయనకు పొద్దున మంచం దింపడానికి, రాత్రి మందు వేయడానికి మనిషి పక్కనే ఉంది.

వడ్లు అమ్మించడాన్ని ఊళ్ళో ఎవరూ తండ్రికి చేసిన సేవగా లెక్కపెట్టరు. నా దృష్టిలో అంతకు మించిన సేవ ఆ కొడుకు చేయగలిగింది లేదు. వచ్చే దారి మూసుకుపోయి ఉంది కాబట్టి ఆయన ఆలోచన నేరుగా పనికొచ్చే చోటికి వెళ్ళింది. అమెరికాలో ఉన్న మా బోటివాళ్ళకు రావడమా మానడమా అన్న ప్రశ్నే ఎదురుగా నిలబడి, టికెట్ కొన్నాక మన వంతు అయిపోయినట్టు అనిపిస్తుంది. టికెట్ కొనలేకపోతే తప్పు చేసినట్టు కుమిలిపోతాం. రెండు చోట్లా అమ్మ పక్కనున్న మనిషిని అడగాల్సిన ప్రశ్న అడగకుండానే మిగిలిపోతుంది.

నేను చెల్లెను అడిగాను. ఆమె చెప్పినవి ఒక్కటీ నేను ఊహించినవి కావు. డబ్బు అడగలేదు. "చుట్టాల ఫోన్లు నువ్వు ఎత్తు" అన్నది. పొద్దున లేస్తే పది మంది "అమ్మకెట్లున్నది" అని చేస్తారు, అందరికీ అదే కథ మొదటి నుంచి చెప్పాలి. ఆ పని నేను తీసుకున్నాను. నా రాత్రి తొమ్మిదిన్నర వాళ్ళకు పొద్దున ఎనిమిది. రోజూ ఆ వేళకు కుటుంబం గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టేదాన్ని, అమ్మ నిన్న ఎంత నడిచింది, ఏం తిన్నది, ఎవరు ఎప్పుడు రావచ్చు అని. పరామర్శకు సాయంత్రం ఐదు దాటాకే రమ్మని, గంటలో లేవమని, చాయ్ పెట్టే మనిషి లేదని కూడా నేనే చెప్పాను. పెద్దవాళ్ళకు ఈ మాట చెప్పడం మన దగ్గర చాలా పెద్ద మాట. కొందరు నొచ్చుకున్నారు. మేనత్త ఆ నొచ్చుకున్నవాళ్ళలో ఒకరు. ఆ కోపం చెల్లె మీద పడకుండా నా మీద పడితే నాకు సంతోషమే, నేను పదమూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాను, వాళ్ళింటికి పెళ్ళికి వెళ్ళి ముఖాముఖి కూర్చోవాల్సింది చెల్లె.

రెండోది మందుల సంగతి. డిశ్చార్జి కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. అమ్మకు రాదు, బాపుకు అక్షరాలు తెలిసినా మందుల పేర్లు పట్టవు, రాత్రి ఉండటానికి పెట్టుకున్న కేర్‌టేకర్ తెలుగే చదువుతుంది. చెల్లె ఫొటోలు పంపితే నేను కూర్చుని పెద్ద అక్షరాలతో తెలుగులో పట్టీ తయారుచేశాను. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి; తినకముందు, తిన్నాక; బిళ్ళ రంగు, దేనికి వేస్తారు, ఎప్పటిదాకా. వీధి చివర జిరాక్స్ షాపు అతని వాట్సాప్‌కు పంపితే బాపు వెళ్ళి తెచ్చి గోడకు అంటించాడు. అది రాస్తున్నప్పుడే ఒక సంగతి కంటపడింది. డాక్టరు రాసిన నొప్పి బిళ్ళలో పారాసిటమాల్ కలిసే ఉంది. ఇంట్లో డబ్బాలో ఉన్న డోలో బిళ్ళను, అదీ పారాసిటమాలే, అమ్మ తనంతట తాను ఒళ్ళు నొప్పులకు వేసుకుంటోంది. మోతాదు తెలియకుండానే పెరిగిపోతోంది. చెల్లె డాక్టరును అడిగి ఆ డబ్బా తీసి పైన పెట్టింది. నిద్ర లేని మనిషికి ఇట్లాంటివి కనిపించవు. రాత్రి తొమ్మిదిన్నరకు నిమ్మళంగా కూర్చున్న మనిషికి కనిపిస్తాయి.

పట్టీలో అన్నిటికన్నా పైన "పప్పు, గుడ్డు తినాలి. డాక్టరు చెప్పారు" అని రాశాను. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని వచ్చినవాళ్ళంతా చెప్పి పోతుంటే అమ్మ కారం మెతుకులతో సరిపెట్టుకుంటోంది. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలని చెల్లె చెప్తే వినదు. గోడ మీద అచ్చులో ఉంటే, పైగా డాక్టరు పేరు మీద ఉంటే విన్నది.

ఇన్సూరెన్సు పని కూడా దూరం నుంచే బాగా సాగింది. క్యాష్‌లెస్ అనుమతి గంటలో ఇవ్వాలని, డిశ్చార్జి వేళ మూడు గంటల్లో తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. ఆ నిబంధన చెప్పి ఫోన్ పట్టుకుని కూర్చోవడానికి అమ్మ మంచం పక్కన ఉండనక్కర్లేదు. మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017 ఆగస్టు నుంచి ప్రభుత్వ పరిమితి ఉంది. బిల్లులో ఇంప్లాంట్ ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు విడిగా వేయాలి. ముందే అడిగితే వేస్తారు. ఆ అడగడం కూడా ఇంకొకరి పని కావాల్సిన అవసరం లేదు.

ఫోన్ ఎత్తవద్దన్న చెల్లె

సాయంత్రం ఏడింటికి ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చేవాడు. నాకది పొద్దున ఎనిమిదిన్నర, పిల్లలను బడి దగ్గర దింపి కారులో ఉండే సమయం. అతను కాలు వంచడం మొదలుపెట్టగానే అమ్మ "అక్కకు ఫోన్ జెయ్యి" అనేది. తెర మీద నేను కనిపించగానే "సూడు బిడ్డా, నన్నెట్ల సంపుతున్నరో" అని ఏడ్చేది. ఆ అబ్బాయి మొహమాటపడి చేయి తీసేసేవాడు. అతనికి తర్వాత నయీంనగర్‌లో ఇంకో పేషెంటు. ఉన్న అరగంటలో పది నిమిషాలు అట్లా పోయేవి.

చెల్లె నాకు చెప్పింది: "ఏడు నుంచి ఏడున్నర దాక ఫోన్ ఎత్తకు అక్కా. అమ్మ చేసినా ఎత్తకు."

పార్కింగ్‌లో కారు ఆపుకుని కూర్చుంటే ఫోన్ మోగేది. అమ్మ పేరు, అమ్మ ఫొటో. మోగి మోగి ఆగేది. మళ్ళీ మోగేది. అక్కడ ఆమె కాలు వంచుతున్నారని తెలుసు, ఆమె ఏడుస్తోందని తెలుసు, ఎత్తితే ఆ నొప్పి ఆగుతుందని కూడా తెలుసు. ఆ ఫోన్ ఎత్తకుండా ఉండటం కన్నా విమానం ఎక్కి రావడం నాకు వెయ్యి రెట్లు తేలికగా ఉండేది. అరగంట తర్వాత చెల్లె నుంచి ఒక్క అంకె వచ్చేది: 70. కొన్నాళ్ళకు 80. ఆ అంకె చూశాక నేను అమ్మకు చేసేదాన్ని. "ఎందుకు ఎత్తలే?" అని అడిగితే చెల్లె ఎత్తొద్దన్నదని ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇద్దరు గలిసి నా మీద పడ్డరు" అని అలిగింది.

దూరంలో ఉన్నవాళ్ళం అమ్మకు ఎప్పుడూ తీపి మాటలే చెప్తాం. చేదు పనులన్నీ దగ్గరున్నవాళ్ళ వంతు: కాలు వంచడం, దిండు లాగడం, చక్కెర వద్దనడం, లేచి నడవమని కసరడం. దాంతో అమ్మ కళ్ళలో దూరంగా ఉన్న బిడ్డ మంచిదవుతుంది, పక్కనున్న బిడ్డ గయ్యాళి అవుతుంది. ఇది ఘోరమైన అన్యాయం, దీన్ని దూరంలో ఉన్నవాళ్ళు మాత్రమే ఆపగలరు. చెల్లె మాటే చివరి మాట అని నేను అమ్మకూ బాపుకూ ముందే చెప్పాను. డాక్టరును మార్చాలన్నా, మందు ఆపాలన్నా, కేర్‌టేకర్‌ను ఉంచాలన్నా తీసేయాలన్నా ఆమె ఇష్టం. నేను చదివినవి, విన్నవి ఆమెకు పంపేదాన్ని, పాటించాలని పట్టుపట్టలేదు.

ఆ ఫిజియో అబ్బాయి తెలివైనవాడు. అమ్మకు మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, ఇచ్చే మొక్కు ఉందని తెలుసుకుని రోజూ దాన్నే పట్టుకున్నాడు. "గద్దెల దాక నడిచి బెల్లం ఇయ్యాలంటే గిది ఇంక జర వంగాలె అమ్మా" అనేవాడు. మా డిగ్రీల లెక్క అమ్మకు ఎక్కలేదు, ఆ మాట ఎక్కింది. 2026 జనవరి 28 నుంచి జాతర. ఆ తొక్కిసలాటలోకి కొత్త మోకాలితో వద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో జాతరకు ముందే, రద్దీ లేని రోజు చూసి, చెల్లె వాళ్ళతో కారులో వెళ్ళి తులాభారం తూగి వచ్చింది.

దగ్గరున్నవాళ్ళ మీద నమ్మకం లేకపోతే ఏమవుతుందో మా డాలస్‌లోనే చూశాను. తెలిసినాయన ఒకరు తన తండ్రికి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో కెమెరాలు పెట్టించాడు. ఆఫీసులో కూర్చుని చూస్తూ "ఎందుకు కూర్చున్నవ్, నీళ్ళు ఇయ్యలేదేం" అని కేర్‌టేకర్‌కు ఫోన్ చేసేవాడు. ఆమె వెళ్ళిపోయింది. తర్వాత వచ్చినామె కూడా నిలవలేదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు, పడిపోతే చూసే దిక్కు లేనివాళ్ళకు కెమెరా అవసరమేనని ఒప్పుకుంటాను. అప్పుడైనా అది అక్కడ పనిచేసే మనిషికి చెప్పి, ఆమె ఒప్పుకున్న చోట పెట్టాలి. ఫోన్ చేసినప్పుడు ముందు ఆమె తిన్నదో లేదో అడగాలి.

పోయిన జీతం

ఇక అందరికీ మింగుడుపడని విషయం. చెల్లె ఒక ప్రైవేటు బడిలో టీచరు. అమ్మ కోసం జీతం లేని సెలవు పెట్టింది. ఆస్పత్రి ఖర్చుతో కలపకుండా, ఆమె పోగొట్టుకున్న జీతం మొత్తాన్ని నేను ఆమె ఖాతాలో వేశాను. ఆమె వెంటనే తిరిగి పంపింది. "అమ్మకు చేసినదానికి పైసలు తీసుకుంటనా?" అని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. బాపు కూడా "అక్కచెల్లెండ్ల నడుమ ఈ లెక్కలేంది" అన్నాడు.

నేను వెనక్కి తగ్గలేదు. నువ్వు అమ్మకు చేసినదానికి వెల కట్టే తాహతు నాకు లేదు, నీ చేతి నుంచి పోయిన జీతం ఎంతో నాకు తెలుసు, నేను ఇచ్చేది అంతే అన్నాను. ఆ ఇంటికి ఈఎంఐ ఉంది, ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి. ఆమె జీతం ఆగితే ఆ లోటు మోసేది మరిది, ఆయన వైపువాళ్ళు. అంటే మా అమ్మ మోకాలి ఖర్చులో ఒక భాగం వాళ్ళ ఇంటి మీద పడుతోంది, ఎవరూ పైకి అనడం లేదంతే. చివరికి తీసుకుంది.

డబ్బు మాట వస్తే బంధం చెడుతుందంటారు. నేను చూసినంతలో పైకి చెప్పని డబ్బే చెడగొట్టింది. ఒకరు ఏళ్ళ తరబడి చాకిరీ చేస్తారు, మిగతావాళ్ళు పండక్కి చీర పెట్టి సరిపెడతారు. పదేళ్ళకు ఇల్లు పంచుకునే రోజు ఆ లోపలి మంటంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. అప్పుడు "ఇన్నాళ్ళు అడగలేదు కదా" అంటారు. ఆమె అడగదు. అడగకుండానే ఇవ్వాలి.

ఇచ్చినా పూడని లోటూ ఉంది. ఆమె సెలవులో ఉండగా క్లాస్ టీచరు బాధ్యత ఇంకొకరికి ఇచ్చారు, ఈ ఏడాది మళ్ళీ రాలేదు. దాన్ని నేను డాలర్లలో పూడ్చలేను. కాజీపేటలో చెల్లె అత్తమ్మ ఆ వారాలన్నీ ఇద్దరు మనవలకు బాక్సులు కట్టి బడికి పంపింది. వియ్యపురాలి మోకాలి కోసం తన మోకాళ్ళ నొప్పులతో వంటింట్లో నిలబడింది ఆమె. ఆమెకు ఫోన్ చేసి మాట్లాడటం, వంటకు ఒక మనిషిని కుదర్చడం నేను చేయగలిగాను. పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒక్కరైనా ఆమె ఊసెత్తి ఉంటే బాగుండేది.

నాకున్న అనుమానాలు

ఆపరేషన్ ముందు రాత్రి అమ్మ "ఇప్పుడు అమెరికల ఎంతైతది?" అని బాపును పదే పదే అడిగిందట. ఈ సంగతి బాపు చాలా రోజుల తర్వాత చెప్పాడు. నేను పైన రాసిన వాదనలేవీ దీనికి జవాబు కావు. ఆమెకు ఆ రాత్రి కావాల్సింది మందుల పట్టీ కాదు, నేను. మోకాలి మార్పిడి ముందే తారీఖు వేసుకుని చేసేది, ప్రాణాపాయం చాలా తక్కువ. తక్కువంటే అసలు లేదని కాదు. ఏదైనా జరిగి ఉంటే ఈ వ్యాసం రాసే ముఖం నాకు ఉండేదా అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. గుండె ఆపరేషనో, క్యాన్సరో, ఉన్నట్టుండి పడిపోవడమో అయితే నేను లెక్కలేవీ వేయకుండా దొరికిన విమానం ఎక్కుతాను. ఎవరినైనా అట్లాగే ఎక్కమంటాను.

ఇంకో అనుమానం. పక్కనున్న మనిషిని నిలబెట్టడం అనే మాట చాటున డబ్బు పంపి చేతులు దులుపుకునేవాళ్ళు ఉంటారు. దానికి నేను పెట్టుకున్న గీటురాయి ఒక్కటే: అమ్మకు మన మీద కోపం వచ్చే పని ఒక్కటైనా మనం నెత్తిన వేసుకున్నామా? చుట్టాలతో మాట పడ్డామా? నిద్ర మానుకున్నామా? ఇవేవీ లేకుండా డబ్బు ఒక్కటే వెళ్ళిందంటే మేనత్త మాటే నిజం.

హనుమకొండలో ఇప్పుడు వీధికి ఒకటి రెండు ఇళ్ళయినా పిల్లలంతా బయటి దేశాల్లో ఉన్నవే. అక్కడ చెల్లె ఉండదు. డెబ్బై ఏళ్ళ భర్తే భార్యను చూసుకుంటాడు, లేదా నెల జీతానికి వచ్చిన ఎవరో పల్లెటూరి ఆమె. 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది, పెద్దవాళ్ళకు సలహా, సాయం అందించే ఉచిత నంబరు, ఆ ఇళ్ళలో గోడ మీద రాసి ఉండాలి. అయినా రాత్రి రెండింటికి దిండు తీసే మనిషి ఆ నంబరులో దొరకదు. ఆ జీతగత్తెకు వారానికో రోజు సెలవు, ఇంటికి వెళ్ళి రావడానికి చార్జీలు, ఆమె పిల్లకు జ్వరమొస్తే వెళ్ళనిచ్చే ఏర్పాటు ఉన్నాయా అన్నది ఆ తల్లిదండ్రుల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నే. విదేశంలో ఉన్న కొడుకు పట్టించుకోవాల్సిన మొదటి ప్రశ్న కూడా.

ఇప్పుడు అమ్మ ఎడమ మోకాలి వంతు వచ్చింది. తారీఖు చెల్లెనే పెట్టింది, ఎండాకాలం సెలవులు మొదలైన వారమే, జీతం పోకుండా. వరంగల్ ఎండల్లో ఎట్లా అని బాపు గొణిగాడు, ఏసీ ఉంటే ఏం ఫరక్ పడదని డాక్టరు చెప్పాడు. ఈసారి రాత్రి మనిషి మొదటి రోజు నుంచే కావాలన్నది చెల్లె, కుదిరింది. నన్ను మే నెలాఖరుకు రమ్మంది, తాను పిల్లలను, అత్తమ్మను తీసుకుని నాలుగు రోజులు అరకు వెళ్తుందట. వాళ్ళ రైలు టికెట్లు ఖాయం చేశాను. నా సెలవు కాగితం మీద ఇంకా సంతకం కావాలి.